రిటైనరు చీటీకి టీకా తాత్పర్యం

మూలం: ‘ఇకపై రిటైనరు నిత్యం ధరింపవలెను. ధరింపనిచో కలుగు మార్పులకు పేషెంటే బాధ్యులు. రిటైనరు పోయినను, విరిగినను వేరుగా చెల్లింపవలెను.’

అవతారిక: బుక్కపట్నంలో బస్సెక్కి, ఇంటర్ చదివినన్నాళ్ళూ పళ్ళకు క్లిప్పులేసుకొని, నెలనెలా తీగ బిగింపించుకున్న మా అక్క కూతురికి, క్లిప్పులు తీసిన రోజున, సర్దిన పళ్ళు కదలకుండా పెట్టుకొమ్మని రిటైనరు ఇచ్చి, ఒక ఆసుపత్రిలో అనుగ్రహించిన చీటీ ఇది. ఏడాది తిరక్కుండానే కింది పళ్ళు మళ్ళీ ఒకదాని మీదొకటి ఎక్కాయి. చూపించబోతే డాక్టరుగారు పిల్ల నోట్లోకి చూడకముందే చీటీలోకి చూశారు. కాబట్టి చీటీకి వ్యాఖ్య అవసరమైంది. మూలం లేనిదేదీ రాయనని మల్లినాథ సూరి ప్రతిజ్ఞ. పంటికి మూలం ఉండనే ఉంది గనుక ఆ దారినే నడుస్తాను.

‘నిత్యం ధరింపవలెను’: ఇది విధివాక్యం. మీమాంసకులు విధిని, అర్థవాదాన్ని వేరు చేస్తారు. ఇది చెయ్యమని చెప్పేది విధి. చేసేవాడికి ఉత్సాహం పుట్టేలా పొగిడేది అర్థవాదం. ఆసుపత్రి వాకిట్లో నిలువెత్తు బోర్డు మీద ఉన్న ‘శాశ్వతమైన చిరునవ్వు’ అర్థవాదం. ఫీజు అర్థవాదం మీద కట్టించుకున్నారు, తప్పు విధి మీద మోపారు. విధుల్లో మళ్ళీ నిత్యం, కామ్యం అని ఉన్నాయి. కామ్యకర్మ చేస్తే ఫలం దక్కుతుంది. నిత్యకర్మ చేస్తే కొత్తగా ఒరిగేదేమీ లేదు, మానితే మాత్రం ప్రత్యవాయం. స్వర్గం కోరి యాగం మొదలుపెట్టినవాడికి సంధ్యావందనం అంటగట్టినట్టు, కామ్యంగా మొదలైన క్లిప్పులు నిత్యంగా తేలాయి. ఎన్నాళ్ళని అడిగితే ‘జీవితాంతం, రాత్రిపూట’ అన్నారు. ఆ మాట చీటీలో లేదు, గురుముఖతః వచ్చింది.

‘కలుగు మార్పులు’: ఎందుచేత కలుగును? పంటికీ ఎముకకూ నడుమ సన్నటి నారల పొర ఉంది. తీగ నెట్టినప్పుడు పంటికి ఒకపక్క ఎముక కరుగుతుంది, రెండోపక్క కొత్తది పుడుతుంది. క్లిప్పులు తీశాక పొరలోని నారలు మూణ్ణాలుగు నెలల్లో సర్దుకుంటాయి. చిగుళ్ళలోని సాగే నారలకు మాత్రం ఏడాదైనా పట్టవచ్చు. అందాకా అవి పంటిని పాత చోటికే లాగుతుంటాయి. అసలు క్లిప్పుల మొహం చూడనివారికి కూడా వయసుతో కింది ముందుపళ్ళు ఇరుకవుతాయి. జ్ఞానదంతం నెడుతుందనేది లోకవాదమే, గట్టి ప్రమాణం లేదు. ప్రమాణం ఉన్న సంగతి మరొకటుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లిటిల్ బృందం, కోరపళ్ళ పక్కవి పీకించి క్లిప్పులేసుకున్న 65 మందిని రిటైనరు మానేసిన పదేళ్ళకో, ఇంకా తర్వాతో పరీక్షించి 1981లో ప్రకటించింది: మూడింట రెండొంతుల మందికి కింది ముందుపళ్ళ వరస చెడింది. ఇప్పటికీ వాడే హాలీ ప్లేటు అనే రిటైనరు 1919 నాటిది. అంటే పళ్ళు వెనక్కి పోతాయన్నది శాస్త్రానికి తెలియని రహస్యమేమీ కాదు. మొదటి రోజు చెప్పడానికి ఏమడ్డం?

‘పేషెంటే బాధ్యులు’: ఇందులోని ఏకారం అన్యయోగ వ్యవచ్ఛేదం. ఇంకెవరికీ బాధ్యత లేదని తాత్పర్యం. ‘బాధ్యులు’ అన్న బహువచనం పూజ్యార్థకం. తప్పు మోపేటప్పుడు మర్యాద పెరగడం చూడండి.

బాధ్యత అనగానే మా ఊరి చెరువు తలపుకొస్తుంది. చిత్రావతి నీళ్ళతో నిండే ఈ చెరువు బుక్కరాయల నాటిదని చెప్పుకుంటాం. ఆ బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని. ఆ శాసనం అంతటితో ఆగదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు చెబుతుంది, ఉండకూడని ఆరు దోషాలూ చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమేనట! ఎంత లోకం చూసిన మాట! నది నీళ్ళ కోసం రాష్ట్రాలు ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరగడం చూసినప్పుడల్లా ఆ శాసనకర్తకు దండం పెట్టాలనిపిస్తుంది. ఈ సీమలో చెరువు కట్టినవారికీ, బాగుచేసేవారికీ దశబంధం మాన్యాలు ఉండేవి. కట్టింది కట్టినట్టు నిలవదనీ, దాన్ని కనిపెట్టుకునేవాడికి కూడు కావాలనీ ఆ కాలం వాళ్ళకు తెలుసు.

ప్రకృతమనుసరామః. పళ్ళ ఎస్టిమేటులో క్లిప్పుల ఖర్చుంది, ఎక్స్‌రే ఖర్చుంది. రిటైనరు జీవితాంతం కావాలనీ, అది అరిగితే విరిగితే మళ్ళీ మళ్ళీ చేయించాలనీ లేదు. వేడినీళ్ళలో కడిగితే ప్లాస్టిక్కుది వంకర పోతుందని కూడా ఎవరూ అనలేదు. మా అక్క అడిగిందీ ఇదే: ‘ముందే చెప్పింటే దానికీ దుడ్లు ఎత్తిపెట్టుకుంటా ఉంటిమి గదరా?’ దీనికి పూర్వాచార్యుల సమాధానం నాకు దొరకలేదు. ఆసుపత్రివారి సమాధానం దొరికింది: మళ్ళీ క్లిప్పులు వెయ్యాలట, మొదట్నుంచి.

‘పోయినను, విరిగినను వేరుగా చెల్లింపవలెను’: స్పష్టము.