బావగారి అప్పులు

మా బావగారికి ఈ మధ్య అప్పులు ఎక్కువయ్యాయి. పేకాట వల్ల కాదు, ప్లాటు కొనడం వల్లా కాదు. గెటప్పు, లుకప్పు, గివప్పు, టర్నప్పు, బ్రింగప్పు... రోజుకు ఐదు చొప్పున ఎర్రసిరాతో లాంగ్ నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నారు.

అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి ఆరు నెలలు వెళ్ళబోయే తండ్రి ఇప్పుడు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. వీసా రాగానే కొందరు స్పోర్ట్స్ బూట్లు కొంటారు. కొందరు ఆవకాయ కారిపోకుండా కట్టే విద్య మీద పడతారు. మా బావగారి లాంటివాళ్ళు ఇంగ్లీషు మీద పడతారు. ఆయనకు ఇంగ్లీషు రాదని అనడానికి లేదు. "విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్" అంటూ ముప్పై నాలుగేళ్ళు డ్రాఫ్టులు రాసిన చెయ్యి అది. కాకపోతే ఆ ఇంగ్లీషు డాలస్‌లో మనవడికి అందదు. వాడిదంతా గెట్, పుట్, టేక్. మూడు మాటలు, ముప్పై తోకలు.

"చూడవోయ్, పోస్ట్‌పోన్ అని శుభ్రమైన మాట ఉండగా ఈ పుటాఫ్ ఏమిటి? పుట్ అంటే పెట్టు, ఆఫ్ అంటే ఆర్పు. పెట్టి ఆర్పితే వాయిదా ఎలా అవుతుంది?" అని నన్ను నిలదీస్తారు, ఆ భాషను నేనే కనిపెట్టినట్టు. ఈ తోకల మాటలకు ఫ్రేజల్ వర్బ్ అన్న పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంలోకి ఎక్కించాడనీ, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అనీ ఎక్కడో చదివారు. అప్పట్నుంచీ ఆ ఇద్దరి మీదా వియ్యాలవారి మీదున్నంత కోపం.

"మన కొట్టడం మాత్రం తక్కువా బావగారూ? కాపీ కొడతాం, గాలి కొడతాం, బోరు కొడుతుంది, వాసన కొడుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నాను.

"అది మన భాషోయ్!" అన్నారు. ఆ వాదనకు జవాబు లేదు.

తోక కావలసిన చోట మరిచిపోయే మనం, అక్కర్లేని చోట మాత్రం ధారాళంగా తగిలిస్తాం. కోప్ విత్ చాలు, కోప్ అప్ విత్ అక్కర్లేదని చెప్పిన రోజున బావగారు పేజీకి అడ్డంగా గీత కొట్టి, టిఫిన్ మానేశారు. ఆయన సర్వీసంతా అప్‌తోనే గడిచింది మరి.

ఓ ఆదివారం వీడియో కాల్లో మనవడికి తన చదువు గురించి చెప్పబోయి, "1978లో గుంటూరులో పాసవుట్ అయ్యాను" అన్నారు. మనకు పాసవుట్ అంటే డిగ్రీ చేతికి రావడం. వాడికి స్పృహ తప్పి పడిపోవడం. వాడు కళ్ళు పెద్దవి చేసి, "ఎవరైనా హాస్పిటల్‌కి తీసుకెళ్ళారా తాతా?" అన్నాడు ఇంగ్లీషులో. బావగారికి సరిగ్గా వినపడలేదు. "ఫస్ట్ క్లాస్!" అన్నారు గర్వంగా.

మొన్నటిది మాత్రం నవ్వులాట కాలేదు. ప్రయాణం వారం వాయిదా పడింది. పుటాఫ్ అనవలసింది, నోటుబుక్కులో దాని కింది గీత మీదున్నది నోటికొచ్చింది. "వుయ్ హావ్ కాల్డాఫ్ ద జర్నీ" అన్నారు. అంటే రద్దే. అమ్మాయి తెల్లబోయింది. "నాన్నా, బీపీ ఏమైనా..." అని గొంతు పూడుకుపోయింది.

అక్క వంటింట్లోంచి వచ్చి ఫోను లాక్కుంది.

"ఏమీ లేదే తల్లీ. నాకు పంటి చెకప్పు ఉందని టిక్కెట్టు వారం తర్వాతకి మార్చారు. ఎయిర్‌పోర్టులో పికప్పుకి అల్లుడుగారిని ఆ రోజు రమ్మను. వంటింటి సెటప్పు నేనొచ్చేదాకా కదపకు. మీ నాన్నగారి బిల్డప్పు నీకు కొత్తా?"

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఒక్క గుక్కలో నాలుగు అప్పులు! డాక్టర్ల దగ్గరా, డ్రైవర్ల దగ్గరా, సినిమావాళ్ళ దగ్గరా తెచ్చుకుని, చివర ఓ ఉకారం తగిలించి వాడేసుకుంటోంది. తిరిగిచ్చే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

బావగారు కళ్ళజోడు సర్దుకుని నోటుబుక్కు తెరిచారు.

"ఆ చివర అన్నది మళ్ళీ చెప్పు."

"ఏదండీ, బిల్డప్పా?"

"ఆఁ, అదే. మీనింగ్?"

అక్క నావైపు చూసింది. నేను ఖాళీ కాఫీగ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.