కాలితో అక్షరాభ్యాసం

బీర్పూర్ గుట్ట మీది లక్ష్మీనరసింహస్వామి దగ్గరికి చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్నాను, దిగుతున్నాను. వానలో, ఉత్తకాళ్లతో, చంకలో పిల్లాడితో. ఒక్కసారీ జారలేదు. జారింది మా ఇంటి అరుగు మీద. ఎత్తు జానెడున్నర. ఆ చప్పుడు వాడకట్టంతా వినబడిందని ఇప్పటికీ చెప్తారు. అది ఎముకది కాదు, నాది.

బెణికిందన్నారు, కాపడం పెట్టారు. మర్నాడు పాదం చెప్పులో పట్టకపోయేసరికి ఆటోలో జగిత్యాలకు. చీలమండ దగ్గర ఫిబులా ఎముక చివర విరిగిందని ఎక్స్‌రే చెప్పింది. 1756లో లండన్‌లో పర్సివల్ పాట్ అనే సర్జన్ గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తనను ఎవరినీ కదపనివ్వకుండా అప్పటికప్పుడు ఒక తలుపు కొనిపించి, దాని మీద పడుకుని ఇంటికి వెళ్లాడట. తర్వాత చీలమండ విరగడం గురించి రాస్తే దానికి ఆయన పేరే పెట్టారు. ఆయనకు గుర్రం, తలుపు, పేరు. నాకు అరుగు, ఆటో, "సూస్కోని నడువద్దా?"

ఆరు వారాల పిండికట్టు. 1851లో గుడ్డపట్టీకి ప్లాస్టర్ పొడి దట్టించి ఈ కట్టు కనిపెట్టిన డచ్చి సైనిక వైద్యుడు మతైసెన్‌కు దండం పెడతాను గానీ, లోపల దురద పుడితే గతేమిటో ఆలోచించినట్టు లేదు. పుల్ల పెట్టి గోకొద్దని డాక్టరు రెండుసార్లు చెప్పి, నా మొహం చూసి మూడోసారీ చెప్పాడు.

చూడవచ్చినవాళ్లు ఒట్టి చేతులతో రాలేదు, కథలతో వచ్చారు. ప్రతివాళ్లకూ ఒక మేనమామ ఉంటాడు, ఆయన కాలు అతుక్కోదు. పాయ తాగమన్నారు. నా ఒక్క కాలి కోసం ఎన్ని మేకల కాళ్లు పోయాయో! ఎముకలకు మంచిదని చిన్నమ్మ నల్లేరు పచ్చడి పంపింది. సులువైన పనిని నల్లేరు మీద బండి నడక అంటాం గానీ, చింతపండు తక్కువైన నల్లేరు నాలుక మీద నడిస్తే తెలుస్తుంది. కట్టు లోపలి దురద గొంతులోకీ వచ్చింది.

కట్టు విప్పితే బయటపడిన కాలు నాది కాదు. పిక్క కరిగిపోయింది. బొటనవేలితో గాలిలో ఏ నుంచి జడ్ దాకా రాయమన్నాడు ఫిజియోథెరపిస్టు. ఐ, ఎల్, టి అన్నీ గీతలే, ఇరవయ్యారుతో సరి. నేను పౌరుషంగా తెలుగుకు మారాను. 'అ' దగ్గరే చెమట పట్టింది. తలకట్టుకు పాదం పైకి లాగాలి, ఒత్తుకు కిందికి వంచాలి. అసలు వ్యాయామం ఈ రెండు కదలికలే. బడిలో తప్పించుకున్న 'ఝ'కు ఇన్నేళ్ల తర్వాత దొరికిపోయాను.

ఎదురింటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అవ్వ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా, కాలుతోని ఈగలు తోలుతున్నవా?"

"అఆలు రాస్తున్ననే అవ్వా."

"చేతితోనే రాయకపోతివి, కాలికొస్తదా?"

ఇప్పుడు రెండో పాఠం. విరిగిన కాలి మీదే ఒంటికాలిగా ముప్పై సెకన్లు నిలబడాలి. పక్కన ఆసరాకు వాకిట్లో స్తంభం ఉంది. నరసింహస్వామి ఊరు కదా, స్తంభాన్ని గట్టిగా పట్టుకోవాలంటే నాకు కొంచెం జంకు. లెక్క అవ్వ చూస్తుంది. కట్టకు పాతిక చొప్పున బీడీలు లెక్కపెట్టిన నోరు, తప్పు పోదు. నిన్న పంతొమ్మిదికే కాలు దించేశాను.

"కట్ట కాలే కొడుకా," అంది తలెత్తకుండానే, "మళ్ల మొదలువెట్టు."