కొత్త కుక్క వస్తే పలకరించకండి

నేను చెప్పబోయేవన్నీ తలకిందుల సలహాలుగానే కనిపిస్తాయి. దెబ్బతిన్న కుక్కనో, తల్లి పోయిన పిల్లనో తెచ్చి, శాశ్వతంగా పెంచుకునేవాళ్లు దొరికేదాకా ఇంట్లో ఉంచి చూసుకోవడాన్ని మనం ఫోస్టరింగ్ అంటున్నాం. ఈ పనికి దిగినవాళ్లకు చుట్టాలు, వాట్సాప్ గ్రూపులు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినవాళ్లు ఇచ్చే సలహాల సారం ఒక్కటే: ఇంకా ప్రేమ చూపించు. ఆ తొందరపాటు ప్రేమే చాలా కుక్కలకు చేటు చేస్తోందని నా గట్టి నమ్మకం. అందుకే ఈ ఎదురు సలహాలు.

మొదటిది, రోడ్డు మీద కుక్క కనిపించగానే ఎత్తుకు రాకండి. ముందు దాని చెవులు చూడండి. ఒక చెవి అంచున చిన్న గంటు ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని అర్థం. అలాంటి కుక్కను ఆపరేషన్ తర్వాత పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. అది చురుగ్గా తిరుగుతూ ఉంటే దానికి ఆ వీధే ఇల్లు. టీకొట్టు దగ్గరో, మెస్సు వెనకో దానికి అన్నం పెట్టే చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. మీ మూడో అంతస్తు ఫ్లాటులో అది సుఖపడదు. కారు కింద కళ్లు తెరవని పిల్లలు కనిపించినా అంతే. తల్లి తిండి వెతుక్కోవడానికి వెళ్లి ఉంటుంది. దూరంగా నిలబడి రెండు మూడు గంటలు చూడండి. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లలకు తల్లిని మించిన ఫోస్టర్ లేదు.

మీ ఇల్లు కావలసింది వేరేవాటికి. కాలు విరిగి రాడ్ వేయించుకున్న కుక్క, తల్లి లారీ కింద పడగా మిగిలిన పిల్లలు, ఇల్లు మారుతూ గేటు బయట వదిలేసి పోయిన లాబ్రడార్, మన ఎండలకు రొప్పుతూ రోడ్డున పడ్డ హస్కీ. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు ఎంత శ్రద్ధగా పనిచేసినా, ఎన్నో జంతువులు చేరిన చోట టీకాలు పూర్తికాని పిల్లకు అంటురోగాల భయం తప్పదు. ఒక మామూలు ఇంట్లో ఒక మూల దాని ప్రాణం కాపాడుతుంది.

ఇక కుక్క ఇంటికి వచ్చింది. పలకరించకండి. పేరు పెట్టి పిలవకండి, ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, పక్కింటి పిల్లల్ని పిలిచి చూపించకండి. స్నానం అసలే వద్దు. బెదిరిన జంతువుకు తెలియని చోటు, తెలియని చేతులు, నెత్తిన నీళ్లు అన్నీ ఒకేసారి ఎదురైతే అది మనుషుల గురించి నేర్చుకునే మొదటి పాఠం భయమే. ఒక మూల పాత దుప్పటి, గిన్నెలో నీళ్లు, అంతే. మంచం కింద దూరితే దూరనివ్వండి. మీరు అదే గదిలో, దానికి కాస్త పక్కకు తిరిగి కూర్చుని, పేపరు చదువుకోండి. కళ్లలోకి చూడకండి. రెండో రోజో మూడో రోజో అదే వచ్చి మీ కాలి బొటనవేలు వాసన చూస్తుంది. అప్పుడు కూడా కదలకండి. ఈ పని చేసేవాళ్లలో ఒక లెక్క వాడుకలో ఉంది: మూడు రోజులు భయం, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు నమ్మకం. కుక్క కుక్కకూ తేడా ఉంటుంది గానీ, మొదటి మూడు రోజుల్లో దాని స్వభావం తేల్చకూడదన్నది మాత్రం ప్రతి కుక్క విషయంలోనూ నిజం. బుద్ధిమంతురాలు, అరవడమే తెలియదు అని అప్పుడే మురిసిపోకండి. భయంతో బిగుసుకుపోయిన కుక్క కూడా అలాగే ఉంటుంది.

మొదటి వారంలో తలుపుల విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. కొరియర్ అబ్బాయికి తలుపు తీసిన అర నిమిషం చాలు, కొత్త కుక్క మెట్లు దిగి రోడ్డెక్కడానికి. మీ వీధి దానికి తెలియదు, మీ ఇల్లు గుర్తుండదు. నడకకు తీసుకెళితే మెడ పట్టీకి ఒక తాడు, ఛాతీ పట్టీకి ఒక తాడు, రెండూ ఉండాలి. వినాయకుడి ఊరేగింపు రోజు, దీపావళి రాత్రి బయటికే తీయకండి.

ఫినాయిల్ సీసా పక్కన పెట్టేయండి. మన ఇళ్లలో శుభ్రత అంటే ఫినాయిల్ వాసనే కదా. కానీ కుక్కపిల్లల పాలిట యముడైన పార్వో వైరస్ దానికి చావదు. నేలలో, గోనెసంచిలో, చెప్పుల అడుగున నెలల తరబడి బతికి ఉంటుంది. బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు ముప్ఫై వంతుల నీళ్లు కలిపి, ముందే కడిగి ఉంచిన నేల మీద పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. ఆ తర్వాత నీళ్లతో కడగాలి. కుక్క ఆ గదిలో లేనప్పుడే ఈ పని. వైరస్ సోకిన కొద్ది రోజులకు గానీ లక్షణాలు బయటపడవు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అందుకే ఎంత ఆరోగ్యంగా కనిపించినా కొత్త పిల్లను రెండు వారాలు మీ ఇంటి కుక్కకు దూరంగా ఉంచండి. పెద్ద కుక్క బెంగతో ఒక పూట తినకపోతే చూడొచ్చు. పిల్ల తినడం మానేసి, వాంతులై, దుర్వాసనతో రక్త విరేచనాలు మొదలైతే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. పార్వో వచ్చి వెళ్లిన ఇల్లయితే కొన్ని నెలల పాటు చిన్న పిల్లలను తీసుకోనని సంస్థకు చెప్పేయండి. టీకాలు పూర్తయిన పెద్ద కుక్కను అడగండి.

గోమార్లకు కిరోసిన్ రాయమనేవాళ్ల మాట వినకండి. దాని చర్మం కాలుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. డాక్టరు ఇచ్చిన మందే వాడండి. చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా టిక్ ఫీవర్ ఏమోనని రక్తపరీక్ష చేయించండి. పాలు పోయకండి, చాలా కుక్కలకు అరగవు. ఎముకలు తేలిన కుక్కకు జాలితో గిన్నె నిండా పెట్టకండి. ఎన్నాళ్లో పస్తున్న ఒంటికి ఒక్కసారిగా పడ్డ తిండి ప్రాణం మీదికి తేగలదు. కొంచెం కొంచెం, రోజుకు నాలుగైదుసార్లు. మిగిలిన కూర కలిపి పెట్టే అలవాటూ మానండి. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది అరుదు, రెండూ కుక్కకు విషమే.

అది కరవకముందే మీరు రేబిస్ టీకా వేయించుకోండి. కుక్కలతో పనిచేసేవాళ్లకు ముందస్తుగా వేసే పద్ధతి ఉంది, డాక్టరును అడగండి. అయినా గాటు పడితే పసుపు, కారం, సున్నం దగ్గరికి రానివ్వకండి. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ముందే టీకా వేయించుకున్నా గాటు పడ్డాక మళ్లీ వేయించుకోవాలి. కుక్కకు చెడ్డపేరు వస్తుందని కరిచిన సంగతి ఎవరూ దాచకూడదు.

అసలు దాచడం గురించే ఎక్కువ చెప్పాలి. దత్తత ప్రకటనలో కుక్క లోపాలు ముందు రాయండి. మంచి ఫొటో పెట్టి, చాలా ఫ్రెండ్లీ, పిల్లలతో బాగుంటుంది అని రాసేస్తే ఫోన్లు ఎక్కువ వస్తాయి, నిజమే. పెళ్లిచూపుల్లో అమ్మాయికి వంట, సంగీతం అన్నీ వచ్చని చెప్పి ఒప్పించిన సంబంధంలాగే, ఆ దత్తత మొదటి నెలలోనే బీటలు వారుతుంది. ఇలా రాయండి: ఆడకుక్క, సుమారు ఏడాదిన్నర. హెల్మెట్ పెట్టుకున్న మగవాళ్లను చూస్తే మొరుగుతుంది. ఒంటరిగా వదిలితే చెప్పులు నమిలేస్తుంది. పిల్లులున్న ఇంటికి పనికిరాదు. రాత్రి మంచం పక్కనే పడుకుంటానంటుంది. దీనికి పది ఫోన్లు వచ్చేచోట ఒకటే వస్తుంది. ఆ ఒక్క మనిషి చెప్పులు బీరువాలో పెట్టుకుని మరీ వస్తాడు.

వచ్చినవాళ్లను కూడా కాదనడం నేర్చుకోండి. మొహమాటం ఈ పనికి పనికిరాదు. పుట్టినరోజుకు సర్‌ప్రైజ్ కావాలన్నవాళ్లకు ఇవ్వకండి. ఊరవతల తోటలో కాపలాకు గొలుసుతో కట్టేస్తామన్నవాళ్లకు ఇవ్వకండి. జ్యోతిష్యుడు చెప్పాడు, నల్లకుక్కే కావాలన్నవాళ్లకూ వద్దు. ఆ గ్రహం దాటాక ఆ కుక్క సంగతేమిటి? వచ్చే ఏడాది ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లే కుర్రాడికి అసలే ఇవ్వకండి, కుక్క పన్నెండేళ్లు బతుకుతుంది. అయితే ఆ కుర్రాణ్ణి ఉత్తచేతులతో పంపకండి. ఆరు నెలలు ఇంట్లో ఉంటాడు, ప్రేమ ఉంది, ఫోస్టర్‌గా అతనికి మించినవాడు దొరకడు.

ఇంటికి వెళ్లి చూడండి. కుక్క కావాలని అడిగినవాళ్లతో కన్నా, ఆ ఇంట్లో పగలంతా ఉండే అత్తగారితో ఎక్కువసేపు మాట్లాడండి. తిండి పెట్టేదీ, తుడిచేదీ చివరికి ఆవిడే. ఆవిడ ముఖం చిట్లిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. అద్దె ఇల్లయితే ఓనరు మాట కూడా వినండి. అసోసియేషన్ ఒప్పుకోదని భయపడేవాళ్లకు మాత్రం ధైర్యం చెప్పండి: పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లోనే ఉంది.

అప్పగించేటప్పుడు గుమ్మంలో నిలబడి, మీకు కుదరకపోతే వెనక్కి తెచ్చివ్వండి అని చెప్పండి. శుభమా అని పంపుతూ ఆ మాటేమిటని మీవాళ్లే అంటారు. ఆ మాట వినని మనిషి, కుదరనప్పుడు సిగ్గుపడి, కుక్కను ఏ హైవే పక్కనో దించేసి వస్తాడు. తిండీ నీళ్లూ లేక బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. దత్తత తీసుకున్న వీధికుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా అంది. ఈ రెండూ చెప్పండి. తలుపు తెరిచే ఉందని కూడా చెప్పండి. వెనక్కి వస్తే ఒక్క మాట అనకుండా తీసుకోండి.

చివరిది అన్నిటికన్నా కష్టమైనది: అంత ప్రేమించిన కుక్కను ఉంచేసుకోకండి. అది మీకు అలవాటు పడింది, పిల్లలు ఏడుస్తున్నారు, ఇంత చేశాక ఎవరికో ఎందుకివ్వాలి అనిపిస్తుంది. ఏడవండి, పిల్లల్నీ ఏడవనివ్వండి, కొత్త ఇంటికి వాళ్లను వెంట తీసుకెళ్లి వాళ్ల చేతులతోనే ఇప్పించండి. మీ ఇంట్లో ఉన్నది ఒక్క కుక్కకే చోటు. ఆ చోటు శాశ్వతంగా నిండిపోతే, రేపు కాలు విరిగి వచ్చేదానికి మీరు లేనట్టే. ముసలిదైపోయి, కిడ్నీలు పాడై, ఎవరూ తీసుకోని కుక్క ఒక్కటే దీనికి మినహాయింపు. దాన్ని చివరిదాకా ఉంచుకోండి.

అక్టోబరు రెండో వారంలో చిత్తకార్తె వస్తుంది, కుక్కలు జతకట్టే కాలం. కుక్క కడుపు మోసేది తొమ్మిది వారాలు. అంటే డిసెంబరు నడిమికి మన వీధుల్లో ఈనడం మొదలవుతుంది. సంక్రాంతికి ఆ పిల్లలు కాళ్లు వచ్చి రోడ్డు మీదికి వస్తాయి, చక్రాల కింద పడేవి, తల్లిని పోగొట్టుకునేవి ఎక్కువగా అప్పుడే. ఈసారి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మీ ఇంట్లో ఒక గది ఇవ్వగలిగితే, మీ ఊళ్లో జంతువులను కాపాడే సంస్థకు ఇప్పుడే ఫోన్ చేసి పేరు రాయించుకోండి.