పాటగండం గారు

కొందరి జాతకంలో నీటిగండం ఉంటుంది, కొందరికి వాహనగండం ఉంటుంది. ఈయనకు పాటగండం. నీటిగండం ఉన్నవాడు చెరువు దరిదాపులకు పోకుండా నూరేళ్లు బతికేయొచ్చు. పాటగండం ఉన్నవాడు మన దేశంలో ఎక్కడ దాక్కుంటాడు? ఆటోలో పాట, మంగలి షాపులో పాట, పక్కవాడి చొక్కా జేబులో పాట.

మీ బంధువుల్లోనూ ఒకరుండే ఉంటారు. వయసు యాభై దాటుతుంది. కారులో ముందు సీటే కావాలంటారు. కాళ్లు చాపుకోవడానికి కాదు, స్టీరియో చేతికందడానికి. పాట మొదలవ్వాల్సిన పని కూడా లేదు, వయొలిన్లు ఇలా అందుకోగానే అలా చెయ్యి పైకి లేస్తుంది. "వద్దమ్మా... ఇది మార్చెయ్."

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. మార్చాక ఒక మౌనం ఉంటుంది. వెనక సీటు నుంచి "ఏం బాబాయ్, ఏమైంది?" అని ఎవరో ఒకరు అడగడానికి సరిపడా మౌనం. అడగలేదా, ఒక నిట్టూర్పు. దానికీ చలనం లేకపోతే కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం. అద్దాల దాకా వచ్చాక ఎంత రాతిగుండెవాడైనా అడిగి తీరాల్సిందే.

"ఆ పాటకో కథుందిలే."

"చెప్పండి."

"ఇప్పుడెందుకులే" అంటూ చౌటుప్పల్ దగ్గర మొదలుపెడితే, సూర్యాపేటలో టీకి ఆగేసరికి ఇంకా కాలేజీ గేటు దగ్గరే ఉంటారు.

ఆ కథకు మూలం 1988లో వచ్చిన 'అభినందన'. ఇళయరాజా బాణీలు, ఆత్రేయ మాటలు, బాలు గొంతు: ముగ్గురూ కలిసి ఆ ఏడాది డిగ్రీ చదివే కుర్రాళ్ల మీద పగబట్టారా అనిపించే క్యాసెట్టు. అప్పటిదాకా ప్రేమలో పడనివాడు కూడా దాన్ని రెండు వైపులా విన్నాక ప్రేమలో ఓడిపోయినట్టు నడిచేవాడు. పాటగండం గారికి ఆ సినిమా మొత్తం నిషిద్ధం. మరుసటి ఏడు 'గీతాంజలి' వచ్చింది, అదీ నిషిద్ధమే. ఇంతకీ ఆ అమ్మాయి ఎవరయ్యా అంటే, ఈయనతో మాట్లాడింది రెండుసార్లు. ఒకసారి కెమిస్ట్రీ రికార్డు అడగడానికి, ఇంకోసారి తిరిగి ఇవ్వడానికి. ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగిని పెళ్లిచేసుకుని నాగపూర్ వెళ్లిపోయింది. తన మూలాన ఆంధ్రదేశంలో ఒకాయన ఇళయరాజాకు దూరమయ్యారని పాపం ఆమెకి తెలిసే అవకాశమే లేదు.

గాయాలన్నీ ప్రేమగాయాలే అనుకోకండి. 'మరో చరిత్ర' పాటలు వద్దంటే, ప్రేమికుల చావు తట్టుకోలేకేమోనని నేను చాలాకాలం గౌరవించాను. కాదట. చిన్నప్పుడు ఆ సినిమా చూసి బయటికొస్తుంటే కొత్త చెప్పులు పోయాయి, ఇంటికెళ్లాక వాళ్ల నాన్న వీపు విమానం మోత మోగించారు. మరో పాట, అప్పు తీసుకున్న స్నేహితుడి కాలర్ ట్యూన్. వాడు ఫోనెత్తడు గనక ఈయన ఆర్నెల్లపాటు పల్లవే విన్నారు. చరణమూ రాలేదు, అసలూ రాలేదు.

పది నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవి, విన్నవి మనిషికి ఎక్కువగా గుర్తుండిపోతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటారు. ఈ ముక్క చెప్పి కాస్త ఊరడిద్దామని వెళ్లాను. "చూశావా, నాది శాస్త్రీయమైన బాధ" అని ఆయన మరీ ముదిరారు. 2020 సెప్టెంబరు 25న బాలు పోయినప్పుడైతే ఇక ఆ గొంతే వినలేనన్నారు. బాలుని తీసేస్తే ఎఫ్.ఎం.లో ప్రకటనలు తప్ప ఏం మిగులుతాయి? వారం తిరక్కుండానే శపథం సడలింది.

అయితే ఆయన్ని పూర్తిగా వెక్కిరించే హక్కు మనకూ లేదు. తెలుగువాళ్లందరికీ ఉమ్మడిగా ఒక పాటగండం ఉంది: ఘంటసాల భగవద్గీత. ఆ మహానుభావుడు చివరి రోజుల్లో పాడి మనకిచ్చి, 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు. కూలబడ్డవాణ్ణి లేచి నిలబడమని చెప్పే గీత అది. మనం దాన్ని ఇక లేవలేనివాళ్ల దగ్గర పెట్టాం. వైకుంఠ రథం మైకులోనూ అదే. ఇప్పుడు పొద్దున్నే ఆ గొంతు వినబడితే ఎవరూ చేతులు జోడించరు. కాఫీ గ్లాసు కింద పెట్టి "ఎవరు పోయారు?" అంటారు. గీతాజయంతి నాడు భక్తికొద్దీ ఎవరైనా ఇంట్లో పెట్టుకున్నారా, పక్కింటాయన చెప్పులు గుమ్మం బయట విడిచి, మొహం తగినంత దించుకుని లోపలికి తొంగి చూస్తాడు. లోపల పెద్దాయన నిక్షేపంగా ఇడ్లీ తింటూ కనిపిస్తే ఇద్దరికీ ఇబ్బందే.

పాటగండం వంశపారంపర్యం అనడానికీ ఆధారం ఉంది. ఈయనగారబ్బాయికి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పడదు. ఇంటర్ చదివిన హాస్టల్లో తెల్లవారుజామున నాలుగున్నరకి దాంతోనే లేపేవారు. స్వామివారిని మేల్కొలిపే పాటకి ఆ కుర్రాడు ఈనాటికీ ఉలిక్కిపడి, ఇవాళ స్లిప్ టెస్టు ఫిజిక్సా, మ్యాథ్సా అని వెతుక్కుంటాడు. ఆ స్వామికి తర్వాత సుఖంగా నిద్ర పడుతుందేమో గాని, ఎంసెట్ బ్యాచికి పట్టదు.

ఇదే ఇంట్లో ఇంకొకరున్నారు, వాళ్లావిడ. ఒకరోజు నేను హాల్లో కూర్చుని ఉండగా వంటింట్లో రేడియో ఏదో పాత పాట ఎత్తుకుంది. వెంటనే మిక్సీ గయ్యిమంది. పాట అయ్యేదాకా తిరిగి, అవగానే ఆగింది. దోసెలొచ్చాయి, పచ్చడి మాత్రం రాలేదు. మంచినీళ్ల వంకన లోపలికెళ్లి చూస్తే జారు కడిగి బోర్లించినట్టు పొడిగా ఉంది. అది ఏ పాటో, ఎందుకో నేను అడగలేదు. హాల్లో పాటగండం గారు తమ చెప్పుల కథ మధ్యలో ఉన్నారు.

మొన్న కూతురి పెళ్లికి డీజే కుర్రాడు పాటల జాబితా పట్టుకొచ్చాడు. ఈయన ఎర్ర పెన్ను తీశారు. ఇది బావమరిది యాక్సిడెంటప్పటిది, ఇది ప్రమోషను తప్పినప్పటిది అంటూ కొట్టుకుంటూ పోతే చివరికి ఒక్కటి మిగిలింది.

"ఇది ఎప్పటి పాట?"

"పోయిన నెలది అంకుల్."

"అయితే వేసుకో. దీనికింకా నాకేం జరగలేదు."

డీజేని కట్టడి చేశారు గాని బ్యాండు మేళాన్ని మరిచిపోయారు. సరిగ్గా అప్పగింతల వేళకి క్లారినెట్టు ఆయన 'అభినందన' అందుకున్నాడు. పాటగండం గారు భోరుమన్నారు. దురదృష్టవశాత్తు అక్కడ అందరూ ఏడుస్తున్నారు. ఆడపిల్ల తండ్రి కదా అని ఒక మేనత్త భుజం తట్టి వెళ్లిపోయింది. కళ్లద్దాలు తీశారు, తుడిచారు, మళ్లీ తీశారు. ఏ పాటా, ఏమిటా అని ఒక్క ప్రాణి అడగలేదు.

పెళ్లికూతురి కారు మలుపు తిరిగాక ఆయన తిన్నగా బ్యాండువాళ్ల దగ్గరికెళ్లి, క్లారినెట్టు ఆయన చేతిలో ఐదొందల నోటు పెట్టారు. "ఇందాకటిది ఇంకోసారి వాయించు. కొంచెం నెమ్మదిగా."

"ఆ పాటంటే అంత ఇష్టమా సార్?"

"ఇష్టమేంటయ్యా, అసలు వినలేను."

"మరైతే వద్దా సార్?"

"వాయించవయ్యా, ముందు వాయించు!"