పేరు ఆయనది, హోరు వీళ్లది

జోసెఫ్ పిలాటిస్ తన వ్యాయామానికి పెట్టుకున్న పేరు కంట్రాలజీ. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నిర్బంధ శిబిరంలో ఉండగా ఈ జర్మన్ దానికి మెరుగులు దిద్దాడు. తర్వాత న్యూయార్క్ చేరి స్టూడియో తెరిచాడు. 1945 నాటి ఆయన పుస్తకంలో ఉన్నవి చాప మీద చేసే 34 కసరత్తులే. మనసు పెట్టి, ఊపిరి గమనిస్తూ, కొద్దిసార్లే చేయాలన్నది షరతు.

ఇప్పుడో? ఆయన పేరే తగిలించుకుని వేడి గదిలో చెమటలు కక్కించే హాట్ పిలాటిస్, గోడకు కాళ్లు తన్నిపెట్టే వాల్ పిలాటిస్, చెవులు చిల్లులు పడే పాటల మధ్య రిఫార్మర్ అనే స్ప్రింగుల బల్ల మీద క్లాసులు. ఆ హోరులో ఎవరి ఊపిరి వారికే వినపడదు. జారని సాక్సులు మాత్రం తప్పనిసరి! (పెద్దాయన చెడ్డీ మీదే పాఠాలు చెప్పిన ఫొటోలు బోలెడున్నాయి.)

అడ్డుకునేవారే లేరా అంటే, లేరు. పిలాటిస్ కూడా యోగా, కరాటేల్లా ఒక వ్యాయామ పద్ధతి పేరేనని 2000 అక్టోబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చి, ట్రేడ్‌మార్కు కొట్టేసింది. అప్పటి నుంచి ఎవరు దేనికి తగిలించినా చెల్లుబాటే.

ఫీజు కట్టేముందు టీచరమ్మను ఒక్కమాట అడగండి: ఆ 34లో ఎన్ని చేయిస్తారమ్మా?