మా సిస్టంల మంచిగనే వస్తుంది సార్

2006 నాటి సంగతి. నల్లగొండ గడియారం సెంటరు దగ్గర ఒక నెట్ సెంటరు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక కాలేజీ పేజీ తెరిస్తే వార్షికోత్సవం వీడియో ఆడుతోంది, ప్రిన్సిపాల్ గారు దీపం వెలిగిస్తున్నారు. పక్క సీట్లో ఫైర్‌ఫాక్స్. అందులో అదే పేజీకి దీపమూ లేదు, ప్రిన్సిపాలూ లేడు. వీడియో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఒకటి వెక్కిరిస్తోంది.

పేజీ చేసినాయనకు ఫోన్ కొట్టాను.

"మా సిస్టంల మంచిగనే వస్తుంది సార్. మీ దాంట్లనే ఏదో ఉన్నది."

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదంటే పోనీ, ఆ మద్దెల ఆమె పక్కనే ఉంది. ఈయన ఓడంటున్న మద్దెల నాది. అదీ గంట లెక్కన అద్దె కట్టి వాయిస్తున్నది.

రైట్ క్లిక్ కొట్టి సోర్స్ చూస్తే గుట్టు బయటపడింది. ఆ రోజుల్లో వీడియో పెట్టడమంటే ఒకే పెండ్లికి రెండు కార్డులు అచ్చువేయడం. బయటి కార్డు 'ఆబ్జెక్ట్', ఎక్స్‌ప్లోరర్ వారికి. అందులో క్లాస్ ఐడీ అని 32 అక్షరాల గోత్రం రాయాలి, ఒక్క అక్షరం తప్పినా పీటల మీది పెండ్లి ఆగిపోతుంది. లోపలి కార్డు 'ఎంబెడ్', ఫైర్‌ఫాక్స్ లాంటి నెట్‌స్కేప్ వంశం వారికి. దానికి అప్పటి హెచ్‌టీఎంఎల్ 4 ప్రమాణంలో చోటే లేదు, అయినా అది లేనిదే పని జరగదు. మన ఘనుడు వీడియో ఫైలు పేరు మార్చి బయటి కార్డులో దిద్దాడు. లోపలి కార్డులో పాత ఫంక్షన్ హాలు అడ్రసే ఉండిపోయింది. ఫైర్‌ఫాక్స్ చుట్టాలు అక్కడికి పోయి, తాళం చూసి తిరిగొచ్చారు.

సర్వర్ తను పంపే సరుకు ఏ రకం ఫైలో తప్పు చెప్పినా చాలాసార్లు ఇదే గతి. ఎక్స్‌ప్లోరర్ మూట విప్పి, వాసన చూసి ఊహించుకునేది. ఫైర్‌ఫాక్స్‌కు అంత మొహమాటం లేదు.

అప్పుడే ఇంకో తిరకాసు. బ్రౌజర్‌లో వీడియో లాంటివి ఆడించే ప్లగిన్ల పేటెంటు మాదంటూ ఇయోలాస్ అనే కంపెనీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మైక్రోసాఫ్ట్ మీద దావా వేస్తే, 2003లో జ్యూరీ 52 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ పేటెంటును తప్పించుకోవడానికి 2006లో ఎక్స్‌ప్లోరర్ వీడియో చుట్టూ గీత గీసి, ముందు ఒక క్లిక్ కొట్టమంది. తగువు అమెరికాలో, క్లిక్కు గడియారం సెంటరులో!

తర్వాత ఈ ప్లగిన్లన్నీ ఒక్కొక్కటే పాడె ఎక్కాయి. 2015లో క్రోమ్ పాత తరహా ప్లగిన్లను గెంటేసింది, 2017లో ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్‌ను తప్ప మిగతావాటిని వెళ్లగొట్టింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు నూకలు చెల్లాయి. 2022 జూన్‌లో ఎక్స్‌ప్లోరర్‌కే దినం పెట్టారు. కానీ కొన్ని ఆఫీసు పేజీల అడుగున "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, 800 బై 600లో చూడగలరు" అన్న శాసనం మాత్రం చెక్కుచెదరలేదు. కాకతీయులు కూడా ఇంత గట్టిగా చెక్కించలేదు.

అలాంటి పేజీల కోసమే మహబూబ్‌నగర్‌లో నాకు తెలిసిన నెట్ సెంటరాయన మూలకు ఒక పాత ఎక్స్‌పీ సిస్టం దాచాడు, గుడ్డ కప్పి.

"గిదెందుకే అన్నా ఇంకా?"

"కొన్ని పనులు దీంట్లనే అయితయ్ సార్. కాకుంటే పది ఎక్కువైతది."

మొన్న దసరాకు కొత్త సిస్టంలకు బొట్టు పెట్టి ఊరుకున్నాడు. గుమ్మడికాయ మాత్రం దానికే కొట్టాడు.