శీతటైరీయం: టీకా తాత్పర్య సహితం

మూలం

మంచు మీదను పోవుట మరను బట్టి
ఆగుటన్నది టైరులో నణగియుండు
కొనెడివేళను బిగ్గర గొప్పలేల
బ్రేకు నొక్కిన చోటనే బెడిసికొట్టు

అవతారిక

ఈ తేటగీతి కెనడా దేశమందు, ఒంటారియో రాష్ట్రమందు, మిస్సిసాగాలోని ఒక టైర్ల దుకాణంలో, కాఫీ ఉచితంగా దొరికి కుర్చీ మాత్రం దొరకని గదిలో, రెండున్నర గంటల తపస్సు ఫలితంగా పుట్టింది. పద్యకర్తా టీకాకర్తా నేనే. మెతుకుసీమ నుంచి వెళ్లి కాళిదాసుకి వ్యాఖ్యానాలు రాసిన కోలాచలం మల్లినాథసూరికి లేని సౌకర్యం నాకుంది: కవి హృదయం అంతుబట్టకపోతే అడగడానికి కవి ఇంట్లోనే ఉన్నాడు. మూలం దాటి పోననే పట్టింపు మల్లినాథుడిది. నాకంత నిగ్రహం లేదు.

శ్రోత నా శిష్యుడు. ఊరు కరీంనగర్, కాపురం బ్రాంప్టన్. 2024 మోడల్ టెస్లా మోడల్ 3 పర్ఫార్మెన్స్ కొన్నాడు. సున్నా నుంచి వందకి 3.1 సెకన్లు. ఈ సంఖ్యని త్రికాలాల్లో జపిస్తాడు. "వంద నుంచి సున్నాకి ఎంతరా?" అని నేనడిగిన నాడు మౌనం వహించాడు. ఆ మౌనానికి రాసిన భాష్యం ఇది.

ప్రతిపదార్థం

మంచు మీదను = మంచు పైన. తెలుగులో మంచు అన్న ఒక్క మాటతో గడ్డి మీది బిందువూ, తెల్లారి కమ్మే పొగా, కొండ మీది గడ్డా అన్నీ గడిచిపోతాయి. మనకి అంతకు మించి పనిపడలేదు. లంబసింగిలో సున్నా దాకా దిగిందంటే జనం కార్లు కట్టుకుని చలిని చూడ్డానికి వెళ్తారు. ఇక్కడ చలే మనల్ని చూడ్డానికి వస్తుంది, నవంబరులో వచ్చి ఏప్రిల్ దాకా కదలదు. కాబట్టి ఈ పదానికి చాలా అర్థాలు చెప్పుకోవాలి: అప్పుడే రాలిన పొడి మంచు, బండ్లు తొక్కి గట్టిపడ్డ మంచు, ఉప్పు తగిలి బురదైన మంచు, తారు రంగులో కలిసిపోయి కంటికి కనబడని నల్లమంచు. ఇవి గాక అసలు మంచే లేని, ఉత్త చల్లటి రోడ్డుని కూడా లక్షణ చేత గ్రహించాలి. ఎందుకంటే టైరు కథ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మొదలవుతుంది. కొబ్బరినూనె సీసాలో పేరుకోవడం ఎరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. వేసవి టైరు రబ్బరు చల్లబడేకొద్దీ బిగుసుకుని రోడ్డు గరుకుని పట్టుకోవడం మానేస్తుంది. 7 అన్నది ఒక కొండగుర్తు. 6కి దిగగానే రబ్బరు రాయైపోదు. కానీ గడ్డకట్టే చలిలో ఈ టైర్లని కదిలిస్తే ట్రెడ్ పగలవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. శిష్యుడి కారుతో వచ్చినవి అచ్చంగా అవే, పిరెల్లీ పీ జీరో వేసవి టైర్లు.

పోవుట మరను బట్టి = ముందుకు కదలడం మోటారు మీద ఆధారపడుతుంది. ఇక్కడ శిష్యుడు పూర్వపక్షం చేశాడు: "అన్నా, ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా! ముందు ఒక మోటారు, వెనక ఒక మోటారు. ఇంకేం కావాలె?" దీనికి సమాధానం. కదలడానికి అది చాలా మేలు చేస్తుంది, ఒప్పుకుంటాం. ఏ చక్రం జారుతుందో చూసి క్షణంలో శక్తిని సర్దేస్తుంది. కానీ ఆపేటప్పుడు లోకంలోని ప్రతి కారూ నాలుగు చక్రాల మీదే ఆగుతుంది, మా నాన్న పాత మారుతీ 800తో సహా. ఆపడంలో ఆల్ వీల్ డ్రైవ్ అదనంగా ఇచ్చేది ఏమీ లేదు. పైగా జారుడు రోడ్డు మీద కూడా కారు సాఫీగా బయల్దేరుతుంది కాబట్టి, రోడ్డు జారుతోందన్న సంగతే డ్రైవరుకి తెలియనివ్వదు.

ఆగుటన్నది = ఆగడమనేది. విద్యుత్తు కారులో ఇది రెండు విధాలు. కాలు తీయగానే మోటారే జనరేటరై బండిని నెమ్మదింపజేయడం ఒకటి, బ్రేకు రెండోది. బ్యాటరీ చల్లగా ఉన్న పొద్దున మొదటిది సరిగా పనిచేయదు, ఛార్జిని బ్యాటరీ ఒప్పుకోదు. రోజూ ఒక్క పెడల్‌తో నడపడానికి అలవాటు పడ్డ కాలు ఆ పూట మోసపోతుంది. మరోపక్క బ్యాటరీ వెచ్చగా ఉండి, రోడ్డు గాజులా ఉంటే, కాలు గభాల్న తీయడమే బ్రేకు తొక్కడంతో సమానమై చక్రాలు జారతాయి. దీనికి తోడు సుమారు 1,850 కిలోల బరువు. అంత బరువూ నేలని అంటేది నాలుగు అరచేతులంత మేర. ఆ అరచేతులు ఏ రబ్బరువన్నదే ప్రశ్న.

టైరులో నణగియుండు = టైరు లోపల అణగి ఉంటుంది. లోన, అణగి అన్నవి కలిసి నణగి అయింది, యతి కూడా కుదిరింది. అణగి ఉన్నదాన్ని వెలికి తీయాలంటే టైరు సైడ్‌వాల్ మీది సూత్రం చదవాలి. సూత్రకారులు అర్ధమాత్ర ఆదా చేస్తే కొడుకు పుట్టినంత సంబరపడేవారంటారు. ఈ సూత్రం రాసినవాడికి సంతానం పుష్కలంగా ఉండాలి:

235/40 ఆర్ 19 96 హెచ్ ఎక్స్‌ఎల్

235 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే మిల్లీమీటర్లు కాదు, శాతం: సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, అనగా 94 మిల్లీమీటర్లు. 19 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే పంక్తిలో మిల్లీమీటరు, శాతం, అంగుళం! ఇంతటి మణిప్రవాళ శైలి మన వాఙ్మయంలోనూ అరుదు. ఆర్ అంటే రేడియస్ అని శిష్యుడి అపవ్యాఖ్య. కాదు, రేడియల్, లోపలి దారాల అల్లిక తీరు. 96 భారసూచిక, ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని సంకేతం. ఎక్స్‌ఎల్ అంటే టీషర్టు సైజు కాదు, ఎక్కువ గాలి పట్టి ఎక్కువ బరువు మోసే టైరని. బ్యాటరీ మోసే కారుకి ఈ రెండింటి దగ్గరా బేరమాడకూడదు. హెచ్ వేగసూచిక, గంటకి 210 కిలోమీటర్లు. టి అయితే 190, వి అయితే 240. అక్షరమాలలో టి కంటే ఎంతో ముందున్న హెచ్, వేగంలో దాని తర్వాత వస్తుంది. ఎందుకలా అని అడగరాదు. ఇది ఆర్ష ప్రయోగం.

"మరి నా కారుకి వచ్చినవి ముందు 235/35 ఆర్ 20, వెనక 275/30 ఆర్ 20 కదా, తేడా రాదా?" అని శంక. లెక్క చూద్దాం. ముందు టైరు మొత్తం ఎత్తు 672 మిల్లీమీటర్లు, మన సూత్రంలోది 671కి కాస్త తక్కువ. రెండు మిల్లీమీటర్ల తేడాకి స్పీడోమీటరు అలగదు. లాభాలు మాత్రం మెండు. సైడ్‌వాల్ 82 నుంచి 94కి పెరుగుతుంది. మార్చిలో మంచు కరిగాక టొరంటో రోడ్ల మీద తేలే గుంతలకి రిమ్ము బదులు రబ్బరు దెబ్బ తింటుంది. వెనక టైరు సన్నబడి మంచు మీద తేలకుండా దాన్ని కోసుకుంటూ దిగుతుంది. నాలుగూ ఒకటే సైజు కావడంతో ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకోవచ్చు. ఇంకా దిగి 18కి పోదామా అంటే, ఈ కారు బ్రేకు కాలిపర్లు 18 అంగుళాల ప్రతి రిమ్ములోనూ ఇమడవు. కొనే ముందు కొలిచి చూడాలి.

సూత్రం పక్కన ముద్ర ఉంటుంది. ఎం+ఎస్ అన్నది బురదా మంచూ అనే అర్థంలో, ట్రెడ్ గాళ్ల ఆకారాన్ని బట్టి కంపెనీయే దిద్దుకునే నామం. మూడు శిఖరాల మధ్య హిమకణం ఉన్న ముద్ర 1999లో వచ్చింది. అది పరీక్ష రాసి తెచ్చుకున్న పట్టా: గట్టిపడ్డ మంచు మీద ప్రామాణిక టైరు కంటే కనీసం పది శాతం ఎక్కువ పట్టు చూపాలి. జర్మనీ 2024 అక్టోబరు నుంచి చలికాలానికి శిఖర ముద్రనే ఒప్పుకుంటోంది. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా శీతటైర్లు చట్టం. ఒంటారియోలో చట్టం లేదు, కానీ 2016 నుంచి శీతటైర్లు వేసినవాళ్లకి ఇన్సూరెన్సు కంపెనీలు రాయితీ ఇచ్చి తీరాలి. పట్టాలోనూ ఒక లొసుగుంది. పరీక్ష మంచు మీద బండి లాగే శక్తికే, గడ్డ మీద బ్రేకుకి కాదు. అందుకే ముద్ర ఉన్న టైర్లన్నీ ఒక్కటి కావు.

కొనెడివేళను = కొనే సమయంలో. బిగ్గర గొప్పలేల = పెద్దగా గొప్పలు ఎందుకు? శీతటైర్లలో రెండు శాఖలున్నాయి. ఆల్ప్స్ శాఖ జర్మనీ, ఇటలీల తడి రహదారుల కోసం పుట్టింది. వేగసూచిక ఎక్కువ, స్టీరింగు బిగువుగా ఉంటుంది. మిషలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లీ సొట్టోజీరో ఈ కోవలోవి. ఉత్తర శాఖ ఫిన్లండ్ వైపుది. రబ్బరు మరీ మెత్తన, దిమ్మదిమ్మకీ సన్నటి కోతలు, వేగసూచిక తక్కువ. దీని ఆదిగురువు నోకియా అనే ఊరి కంపెనీ, నోకియన్. ఆ ఊరి పేరే మన పాత ఫోన్లకీ వచ్చింది. 1934లో శీతటైరు చేసి, 1936లో హక్కపెలీట్టా అని నామకరణం చేశారు. అది పూర్వం ఫిన్లండ్ అశ్వికుల పేరు. 1988లో జపాన్‌లో బ్రిడ్జ్‌స్టోన్ వాళ్లు బ్లిజాక్ తెచ్చారు. రబ్బరులోనే సూక్ష్మరంధ్రాలు పెట్టి, గడ్డ మీది నీటిపొరని పీల్చుకునే ఉపాయం అది. జారేది గడ్డ వల్ల కాదు, దాని మీది నీటి చెమ్మ వల్ల అన్న ఎరుకే ఈ శాఖకి మహావాక్యం. మనవాళ్లకీ ఇందులో దూరపు చుట్టరికముంది: తిరుపతి జిల్లా చినపాండూరులో కర్మాగారం ఉన్న అపోలో టైర్స్, 2009 నుంచి వ్రెడెస్టైన్ అనే డచ్చి కంపెనీ యజమాని. వాళ్ల వింట్రాక్ శీతటైరే.

స్పోర్ట్స్ సెడాన్ యజమాని మనసు సహజంగా ఆల్ప్స్ వైపు లాగుతుంది. "అన్నా, హెచ్ అంటే 210యేనా? నా కారు 262 పోతది!" అని శిష్యుడి ఆవేదన. 401 హైవే మీద చాలాచోట్ల పరిమితి 100 నాయనా, మిగతా 162 ఎక్కడ వాడతావు? నేను ఉత్తర శాఖవాణ్ణి. హైవేల మీద ఉప్పు జల్లుతారు, నిజమే. కానీ బ్రాంప్టన్ ఇళ్ల మధ్య వీధుల్లో, స్టాప్ సైన్ దగ్గర, వందమంది బ్రేకులు తొక్కి నున్నగా చేసిన గడ్డ పొద్దున ఏడింటికి మనకోసం ఎదురుచూస్తుంది. నాకు పట్టు కావలసింది అక్కడ. ఉత్తర శాఖలో లోపాలు లేవనను. పొడి రోడ్డు మీద మలుపు తిప్పితే మెత్తగా ఊగుతుంది, మోటారు టార్కుకి తొందరగా అరుగుతుంది, ఛార్జి మీద వెళ్లే దూరమూ కొంత తింటుంది. ఇంట్లో గరాజూ ఆఫీసులో భూగర్భ పార్కింగూ ఉండి, మధ్యలో హైవే తప్ప వేరే దారి తెలియనివాడు ఆల్ప్స్ శాఖలో చేరినా దోషం లేదు.

ఆల్ సీజన్ టైరు సంగతి సమాసంతో తేలిపోతుంది. అన్ని ఋతువులకూ అని విగ్రహవాక్యం చెబుతారు గాని, ఈ దేశస్థులే దాన్ని మూడు ఋతువుల టైరని వేళాకోళమాడతారు. శీతటైరు మాత్రం శీతమునందు టైరు, సప్తమీ తత్పురుషం. శీతమైన టైరు అని కర్మధారయం చెప్పినవాడికి మార్కులు వేయకూడదు. చలిలోనూ బిగుసుకోకపోవడమే దాని గుణం కదా.

బ్రేకు నొక్కిన చోటనే = ఎక్కడ బ్రేకు తొక్కావో అక్కడే. బెడిసికొట్టు = ఎదురు తిరుగును. ఇది స్వానుభవం. ఇలాంటి కారులోనే, కారుతో వచ్చిన టైర్ల మీదే నా మొదటి నవంబరు గడిపాను. మా వీధి చివర చిన్న పల్లం. వేగం ఇరవై. బ్రేకు తొక్కాను, ఏబీఎస్ టకటకలాడింది, కారు స్టాప్ సైన్‌ని ఎంతో గౌరవంగా దాటి వెళ్లి అవతలి మంచుదిబ్బలో మూతి పెట్టుకుంది. పక్కసీట్లో అమ్మ. విజిటర్ వీసా మీద గుంటూరు నుంచి వచ్చి వారమే అయింది. "ఏరా, ఇంత ఖరీదు పెట్టావు, ఆగడం నేర్పలేదా దానికి?" అంది. దిబ్బ మెత్తటిది కావడంతో బంపరు మీద గీత తప్ప నష్టం లేదు. పద్యానికి బీజం అదే.

విశేషాంశాలు

శీతటైర్లు రెండే కొని వెనక వేస్తానంటే ముందు చక్రాలు మలుపు తిరగవు, ముందు వేస్తానంటే వెనక భాగం మనకంటే ముందు ఇల్లు చేరడానికి చూస్తుంది. నాలుగూ కొనాలి. నాలుగు రిమ్ములూ కొని టైర్లు వాటికే బిగించి ఉంచుకుంటే ఏటా ఊడదీసి తొడిగే ఖర్చు తప్పుతుంది. ఆ రిమ్ములకి గాలి సెన్సార్లు కూడా వేయించాలి. శిష్యుడు అక్కడ పొదుపు చేశాడు, కారు చలికాలమంతా పసుపు దీపం వెలిగించి నిరసన తెలిపింది. నిజానికి దీపం అవసరం చలికాలంలోనే. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడినప్పుడల్లా ఒక పీఎస్‌ఐ గాలి తగ్గుతుంది.

కొన్ని టైర్ల మీద తిరగవలసిన దిక్కుకి బాణం గుర్తుంటుంది. ఒక దుకాణంవాళ్లు నాకు కుడిపక్క రెండూ తిరగేసి బిగించారు. పద్యాన్ని చివరి నుంచి చదివినట్టే: అక్షరాలన్నీ ఉన్నాయి, అర్థం లేదు. డబ్బు కట్టే ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి బాణాలు చూసుకోండి. ఇంట్లోనే మార్చుకునేవాళ్లు జాకీని ఎక్కడ పడితే అక్కడ పెట్టరాదు, అడుగంతా బ్యాటరీ. నిర్ణీత స్థానంలో రబ్బరు దిమ్మ పెట్టి ఎత్తాలి. ఇక్కడివాళ్లు అందుకు హాకీ పక్ వాడతారు. ఈ దేశంలో హాకీకి లొంగని సమస్య లేదు. నట్లు 175 న్యూటన్ మీటర్లకి బిగించి, ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి. ట్రెడ్ 4 మిల్లీమీటర్లకి అరిగిందంటే అది ఇంకా గుండు కాకపోయినా మంచుకి పనికిరాదు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 3523 అంటే 2023లో 35వ వారం. టైరుకి జాతకం అడగకుండా సంబంధం ఖాయం చేయకూడదు.

తాత్పర్యం

నాలుగు కొను.

ఫలశ్రుతి

ఇది చదివినవారికి పుణ్యం సంగతి చెప్పలేను. ఇన్సూరెన్సు ఏజెంటుకి మీరే ఫోన్ చేసి రసీదు పంపితే ప్రీమియం కొంత తగ్గుతుంది. అడగందే ఇవ్వరు. అక్టోబరు రెండో వారంలోపే టైర్ల దుకాణంలో రోజు ఖాయం చేసుకోండి. మొదటి మంచు పడిన మర్నాడు ఫోన్ చేసిన శిష్యుడికి మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. అందాకా 3.1 సెకన్ల కారు గరాజులో, అతను బస్సులో.